ఒసేతి భాషలో గొర్రె పేరు: ‘ఫుస్’ పదవ్యుత్పత్తి – విమర్శ

ఉపోద్ఘాతం

కాకసస్ పర్వతాల నడుమ నివసించే ఒసేతులు గొర్రెను ‘ఫిస్’ అంటారు. అదే భాషలోని మరొక మాండలికంలో ఈ మాట ‘ఫుస్’. సంస్కృతంలోని ‘పశు’ శబ్దానికి ఇది తోబుట్టువని భాషాశాస్త్రజ్ఞులు నిర్ధారించి శతాబ్దం దాటింది. ఆ నిర్ధారణపై నేడు వివాదం లేదు. వివాదమంతా దాని నుండి తీసిన మరొక అనుమానం మీద ఉంది. ఒసేతిలో ఈ పదానికి గొర్రె అని అర్థం. కనుక మూలభాషలోనూ ‘పశు’ అంటే ఉన్ని ఇచ్చే గొర్రెయే అయి ఉండాలి. ఆవు, గుర్రం, ధనం మొదలైన అర్థాలన్నీ తరువాత విస్తరించినవే. ఆ అనుమానం ఇదీ.

ఒక పదానికి నేడున్న అర్థాన్ని దాని పుట్టుకకు సాక్ష్యంగా గ్రహించవచ్చునా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. దూరదేశపు చిన్న భాషలోని ఒక గొర్రె పేరుతో తెలుగు పరిశోధకులకు పనేమిటన్న సందేహం సహజమే. ‘పశువు’ మన వాడుకలో నిత్యం ఉన్న మాట. దాని వ్యుత్పత్తిని గూర్చి మన వ్యాఖ్యాన సంప్రదాయంలో నిలిచిన నిర్వచనాలను పరీక్షించడానికి కావలసిన సాక్ష్యం ఒసేతిలో ఉంది. ఒసేతి పదంపై జరిగిన తర్కదోషాన్ని గుర్తించడానికి కావలసిన సాక్ష్యం తెలుగు పశుపాలకుల పలుకుబడిలో ఉంది. ఈ పరస్పర ఉపకారాన్ని చూపడమే ఇక్కడి ఉద్దేశం.

భాష – మాండలికాలు

ఒసేతి భాష ఇరానీయ శాఖకు చెందినది. పారశీకం, కుర్దిష్, పష్తో దీనికి దగ్గరి బంధువులు. మధ్యయుగాలలో ఉత్తర కాకసస్‌ను ఏలిన అలాన్ల భాషకు ఇది వారసురాలు. నేడు రష్యా సమాఖ్యలోని ఉత్తర ఒసేతియాలోను, పర్వతాలకు దక్షిణాన ఉన్న దక్షిణ ఒసేతియాలోను ప్రధానంగా వ్యవహారంలో ఉంది. ఇరోన్, దిగోర్ అని రెండు ముఖ్య మాండలికాలు. సాహిత్యభాషకు ఇరోన్ ఆధారం. అనేక విషయాలలో ప్రాచీన రూపాలను దిగోర్ నిలుపుకొన్నది.

ఈ భాషకు శాస్త్రీయమైన చారిత్రక అధ్యయనం పందొమ్మిదో శతాబ్దంలో మొదలైంది. వ్సేవొలోద్ మిల్లర్ 1881–1887 మధ్య ప్రకటించిన ఒసేతి అధ్యయనాలు, హ్యూబ్ష్‌మన్ 1887లో ప్రకటించిన ధ్వని, వ్యుత్పత్తి విచారణ పునాది వేశాయి. వాసో అబాయెవ్ (1900–2001) నాలుగు సంపుటాల చారిత్రక వ్యుత్పత్తి నిఘంటువు 1958, 1973, 1979, 1989 సంవత్సరాలలో వెలువడింది. ఒసేతి పదాల చరిత్రపై పనిచేసే ప్రతివారూ మొదట తెరిచే గ్రంథం ఇదే.

పెంపుడు జంతువుల పేర్లలో ఒసేతి భాష చాలావరకు పూర్వికుల సొత్తునే వాడుకొంటున్నది. ఆవుకు దిగోర్‌లో ‘ఘోగ్’. ఇది సంస్కృతంలోని గోశబ్దానికి బంధువు. గాడిదకు ‘ఖెరెగ్’, మన ‘ఖరము’తో పోల్చదగినది. మేకకు ‘సెఘ్’, దీనిని ‘ఛాగ’ శబ్దంతో పోలుస్తారు. గుర్రం విషయం మాత్రం వేరు. అలాన్లు ఆశ్వికులుగా చరిత్ర ప్రసిద్ధులు. అయినా ఒసేతిలో గుర్రానికి సాధారణ నామమైన ‘బెఖ్’ ఇరానీయం కాదు. పొరుగున ఉన్న చెచెన్, ఇంగుష్ భాషలలో గుర్రపు పిల్లకు ఉన్న మాటతో అబాయెవ్ దీనిని ముడిపెట్టాడు. అశ్వశబ్దపు వారసత్వం ఆడగుర్రాన్ని సూచించే ‘యెఫ్స్’ అన్న మాటకు పరిమితమైంది. గుర్రమే జీవనాధారమైన జాతి గుర్రం పేరును పొరుగువారి నుండి తెచ్చుకొన్నది. కనుక ఒక జాతి వృత్తిని బట్టి ఆ వృత్తిపదం స్వకీయమో అన్యదేశ్యమో ముందుగా తీర్మానించడానికి వీలు లేదు. ధ్వనులను పరిశీలించవలసిందే.

ధ్వని సాక్ష్యం

ఒసేతి ధ్వనులకు తెలుగు లిపిలో సరిపోయే అక్షరాలు అన్నీ లేవు. ఇక్కడి రూపాలు దాదాపు ఉచ్చారణను మాత్రమే చూపుతాయి. ఇరోన్ ‘ఫిస్’లోని అచ్చు మన ఇకారం కంటె వెనుకగా, నాలుక మధ్యభాగంతో పలికేది. హ్రస్వ ‘ఎ’తో చూపినది అకార ఎకారాల నడిమి ధ్వని.

మొదట ఆదిహల్లు. ప్రాచీన ఇరానీయంలోని పదాది పకారం ఒసేతిలో ‘ఫ’ అవుతుంది. సంస్కృత ‘పితృ’కు సాటియైన మాట ఇరోన్‌లో ‘ఫిద్’. ‘పుత్ర’కు సాటి ‘ఫిర్త్’. ‘పంచ’కు సాటి ‘ఫోంద్జ్’. కనుక ‘ఫిస్’లోని ఫకారం వెనుక పకారం ఉన్నదనడం సూత్రానుసారమే.

తరువాత అంత్యహల్లు. సంస్కృతంలో తాలవ్య శకారం ఉన్నచోట ఇరానీయంలో దంత్య సకారం ఉంటుంది. ‘దశ’కు ఒసేతి ‘దెస్’, ‘శత’కు ‘సెదె’. అదే విధంగా ‘పశు’లోని శకారానికి ‘ఫిస్’లోని సకారం సమాధానమిస్తుంది.

చిక్కు అచ్చు దగ్గర ఉన్నది. సంస్కృతంలోను, అవెస్తాలోను (అక్కడి రూపం ‘పసు’) మొదటి అచ్చు అకారం. ఇరోన్‌లో ఉన్నది అకారం కాదు. పైగా ఇరోన్ ఒక్కదానినే చూస్తే ఆ అచ్చు వెనుక ఇకారం ఉన్నదో ఉకారం ఉన్నదో తెలియదు. అవి రెండూ ఇరోన్‌లో ఒకే అచ్చుగా కలిసిపోయాయి. ‘తండ్రి’ ఇరోన్‌లో ‘ఫిద్’, దిగోర్‌లో ‘ఫిదె’. ‘కుమారుడు’ ఇరోన్‌లో ‘ఫిర్త్’, దిగోర్‌లో ‘ఫుర్త్’. ఇరోన్ కలిపివేసిన భేదాన్ని దిగోర్ నిలుపుకొన్నది. జెలెన్‌చుక్ నది లోయలో దొరికిన మధ్యయుగపు శాసనం దీనికి అదనపు బలం. గ్రీకు లిపిలో చెక్కిన ఆ అలాన్ శాసనాన్ని మిల్లర్ చదివి ప్రకటించాడు. అందులో ‘కుమారుడు’ అనే మాట ‘ఫుర్త్’ అని ఉకారంతోనే ఉన్నది. కనుక గొర్రె పేరులో దిగోర్ చూపే ‘ఫుస్’ రూపమే ప్రాచీనతరం.

ఇక అకారం ఉకారమెలా అయింది? పదాంతంలోని ఉకారం లోపించే ముందు తనకు ముందున్న హ్రస్వ అకారాన్ని తనవైపు లాగుకొన్నది. దీనికి జంట ఉదాహరణ తేనె పేరు. సంస్కృత ‘మధు’కు సాటియైన ప్రాచీన ఇరానీయ ‘మదు’ దిగోర్‌లో ‘ముద్’, ఇరోన్‌లో ‘మిద్’ అయింది. ‘మదు’ ‘ముద్’ అయిన దారిలోనే ‘పసు’ ‘ఫుస్’ అయింది. పశు శబ్దపు చివరి ఉకారం ఒసేతిలో వినబడదు గాని, తాను ఉండిన గుర్తును మొదటి అక్షరంలో వదిలి వెళ్ళింది. మూడు ధ్వనులూ సూత్రబద్ధంగా సరిపోవడం చేత ఇది ఎరువు మాట కాదని, వంశపారంపర్యంగా వచ్చినదని తేలుతున్నది.

ఇక్కడ ఒక స్పష్టీకరణ అవసరం. ‘ఫుస్’ సంస్కృతం నుండి ఒసేతిలోకి వెళ్ళిన మాట కాదు. సంస్కృత ‘పశు’, అవెస్తా ‘పసు’, లాటిన్ ‘పెకు’, గోథిక్ ‘ఫైహు’ ఒకే మూలరూపపు సంతానం. ఒసేతి పదం వాటి తోబుట్టువు. తెలుగు ‘పశువు’ మాత్రం సంస్కృతం నుండి స్వీకరించినది. ఒకే పదం రెండు భాషలలో కనిపించినప్పుడు అది జ్ఞాతిత్వమా, ఆదానమా అన్న భేదాన్ని మొదటనే తేల్చుకోకపోతే తరువాతి విచారణ అంతా దారి తప్పుతుంది.

ప్రాచీన నిర్వచనాల పరీక్ష

పశు శబ్దాన్ని చూచు అనే అర్థంగల ధాతువు నుండి యాస్కుడు నిరుక్తంలో నిర్వచించాడు. శతపథ బ్రాహ్మణంలోనూ ప్రజాపతి చూచినవి గనుక పశువులన్న భావం కనిపిస్తుంది. శైవ సంప్రదాయంలో పశు, పతి, పాశ శబ్దాల సాహచర్యం వలన పాశబద్ధమైనది పశువన్న వివరణ ప్రచారంలోకి వచ్చింది. ఈ నిర్వచనాలకు తాత్త్విక ప్రయోజనం ఉంది. శబ్దార్థాన్ని ధ్యానించడానికి అవి మార్గాలు. చారిత్రక వ్యుత్పత్తిగా మాత్రం అవి నిలుస్తాయా అని వేరుగా పరీక్షించాలి.

‘పశ్యతి’ రూపానికి మూలమైన ధాతువులో ఆదిని సకారం ఉండేది. సంస్కృతంలోనే ‘స్పశ’ అంటే చారుడు, చూచేవాడు. లాటిన్, అవెస్తా రూపాలలోనూ ఆ సకారం ఉంది. పశు శబ్దం ఆ ధాతువు నుండి పుట్టినదైతే ఎక్కడో ఒకచోట ‘స్పశు’ వంటి రూపపు జాడ కనిపించాలి. ఒసేతి సాక్ష్యం ఇక్కడే పనికివస్తుంది. ప్రాచీన ఇరానీయంలోని పదాది ‘స్ప’ ఒసేతిలో ‘ఎఫ్స’ అవుతుంది. సైన్యమనే అర్థంగల ప్రాచీన ‘స్పాద’ ఒసేతిలో ‘ఎఫ్సాద్’. పారశీకంలో ఇదే ‘సిపాహ్’, మనకు ‘సిపాయి’గా పరిచయమైన మాటకు బంధువు. పశు శబ్దానికి ఆదిలో సకారం ఉండి ఉంటే ఒసేతులు గొర్రెను ‘ఎఫ్స’తో మొదలయ్యే పేరుతో పిలిచి ఉండవలసింది. వారు ‘ఫుస్’ అన్నారు. అవెస్తాలోనూ ‘పసు’ సకారరహితమే. దర్శనార్థక ధాతువుతో సంబంధం ఈ పరీక్షలో నిలవదు. పాశ శబ్దంలోని దీర్ఘం, దాని బంధనార్థం వేరొక ధాతువుకు చెందినవి కావడం చేత ఆ సంబంధమూ నిలవదు.

అర్థం ఎంత రమణీయంగా కుదిరినా ధ్వని ఒప్పుకోనిదే వ్యుత్పత్తి సిద్ధించదు. ప్రాచీన నిర్వచనాల విషయంలో ఆధునిక పండితులు ఈ నియమాన్ని నిష్కర్షగా పాటించారు. తమ సొంత ప్రతిపాదనల విషయంలో అదే నిష్కర్షను పాటించారా అన్నది తరువాతి ప్రశ్న.

‘ఉన్ని’ వాదం

ఇండో–యూరోపియన్ భాషలలో దువ్వు, ఉన్ని పెరుకు అనే అర్థాలు గల ఒక ధాతువు ఉంది. గ్రీకు ‘పెకో’, లాటిన్ ‘పెక్తో’ దానికి చెందినవి. యూలియుస్ పొకోర్నీ 1959 నాటి ఇండో–యూరోపియన్ వ్యుత్పత్తి నిఘంటువులో పశు శబ్దాన్ని ఈ ధాతువు కిందనే చేర్చాడు. ఈ వాదం ప్రకారం పశువంటే మొదట ఉన్నికి పనికివచ్చే జంతువు, అంటే గొర్రె. తరువాత మంద, తరువాత సమస్త పశుసంపద, చివరకు ధనం. లాటిన్‌లో ధనానికి ‘పెకూనియా’ అన్న పేరు ఈ మెట్లలో చివరిది.

ఈ వాదానికి ఒసేతి భాష వరప్రసాదంగా కనిపిస్తుంది. ఇక్కడ గొర్రె ‘ఫుస్’, దువ్వడం ‘ఫాసిన్’, తలదువ్వుకొనే దువ్వెన ‘సెర్వాసెన్’. దువ్వెన పేరు ‘తల’, ‘దువ్వు’ అనే రెండు మాటల సమాసం. ఒకే భాషలో గొర్రె, దువ్వడం దాదాపు ఒకే హల్లులతో పక్కపక్కన నిలిచి ఉన్నాయి. ఇంతకంటె మంచి సాక్ష్యమేమి కావాలని ఎవరికైనా అనిపించవచ్చు.

పరిశీలిస్తే ఈ సాక్ష్యం కరిగిపోతుంది. ‘ఫాసిన్’లోని ఆకారం సాధారణంగా ప్రాచీన దీర్ఘ ఆకారానికి వారసురాలు. ‘ఫుస్’లోని ఉకారం, పైన చూచినట్లు, హ్రస్వ అకారం పదాంత ఉకార ప్రభావం వలన మారగా వచ్చినది. కనుక ఒసేతి భాషలోపల ఒకదాని నుండి మరొకటి పుట్టలేదు. వాటికి సంబంధమంటూ ఉంటే అది ఒసేతికి, ఇరానీయానికి కూడా వేల ఏండ్లు పూర్వమైన మూలభాషలో ఉండాలి. అక్కడి సంబంధాన్ని స్థాపించడానికి ఒసేతిలోని సామీప్యం పనికిరాదు. అది కేవలం రెండు పాతమాటలు ఒకే భాషలో బతికి ఉండడమే.

రెండో అభ్యంతరం ఇంతకంటె బలమైనది. మూలభాషలో గొర్రెకు వేరే పేరు ఉండేది. సంస్కృత ‘అవి’, లాటిన్ ‘ఓవిస్’, గ్రీకు ‘ఓయిస్’, లిథువేనియన్ ‘అవిస్’ దాని వారసులు. అథర్వవేదం పదకొండవ కాండలో రుద్రుని స్తుతించే సూక్తం ఐదు విధాల పశువులను పేర్కొంటుంది: ఆవులు, గుర్రాలు, మనుషులు, మేకలు, గొర్రెలు. అక్కడ ‘అవి’ పశువులలో ఒక భేదం. పశు శబ్దం ఐదింటికీ సాధారణ నామం. మనిషి కూడా ఆ జాబితాలో ఉండడం గమనార్హం. మొదట గొర్రె అని మాత్రమే అర్థమున్న మాట అంత ప్రాచీన కాలానికే మనిషిని కూడా కలుపుకొనేంత విస్తరించిందనడం కంటె, అది మొదటినుండీ సామాన్య నామమనడం తేలిక.

ఒసేతి అర్థం ఎలా ఏర్పడింది

అట్లైతే ఒసేతిలో గొర్రె అన్న అర్థం ఎక్కడిది? ఇరానీయ శాఖలోని ఇతర భాషలు ఆ దారిని చూపుతాయి. అవెస్తాలో ‘పసు’ చిన్న పశువులకు, ‘స్తఓర’ పెద్ద పశువులకు వాడుక. మధ్య పారశీకంలో ‘పహ్’, కుర్దిష్‌లో ‘పెజ్’, పష్తోలో ‘ప్సె’ గొర్రెలను, మేకలను సూచిస్తాయి. అంటే సంకోచపు మొదటి మెట్టు, సమస్త పశువుల నుండి చిన్న పశువులకు రావడం, ఒసేతికి ప్రత్యేకం కాదు. ఇరానీయ శాఖలో విస్తృతంగా కనిపించేదే. రెండో మెట్టు, చిన్న పశువుల నుండి గొర్రె ఒక్కదానికే పరిమితం కావడం, ఒసేతిలో పూర్తి అయింది.

ఈ రెండో మెట్టుకు కారణం భాషలోని పదవ్యవస్థలోనే కనిపిస్తున్నది. మేకకు ‘సెఘ్’ అన్న ప్రాచీన నామం స్థిరంగా నిలిచింది. ‘అవి’ శబ్దపు వారసురాలు గొర్రెకు వాడుక పేరుగా నిలవలేదు. మందలో పేరున్న జంతువు మేక. పేరు కోల్పోయిన జంతువు గొర్రె. చిన్న పశువుల ఉమ్మడి పేరు ఆ ఖాళీని పూరించింది. పశుసంపద మొత్తానికి ఇరోన్‌లో ‘ఫోస్’, దిగోర్‌లో ‘ఫోన్స్’ అన్న వేరే మాట ఉండడం కూడా ఈ పరిమితికి తోడ్పడింది. దిగోర్ రూపంలోని నకారాన్ని ‘ఫుస్’ను ఇచ్చిన సూత్రాలు వివరించలేవు. కనుక ఆ రెంటినీ ఒకే రూపపు ఉచ్చారణభేదాలుగా భావించరాదు.

ఇటువంటి పరిణామం మరొక చోట స్వతంత్రంగా జరిగింది. గోథిక్ ‘ఫైహు’ ధనవాచకం. జర్మన్ ‘ఫీ’ పశువులకు, ముఖ్యంగా పెద్ద పశువులకు పేరు. వీటికి బంధువైన ఐస్లాండిక్ మాట నేడు ఒకవైపు ధనాన్ని, మరొకవైపు ప్రధానంగా గొర్రెలను చెబుతుంది. ఐస్లాండులో మందలంటే గొర్రెల మందలే. అక్కడి గొర్రె అర్థాన్ని మూలార్థమని ఎవరూ అనరు. జర్మానిక భాషల లిఖిత చరిత్ర అడ్డువస్తుంది. అటువంటి అడ్డు ఒసేతికి లేకపోవడం వల్లనే దాని అర్థానికి లేని ప్రాచీనత అంటగట్టడం సాధ్యమైంది.

బెన్వెనిస్త్ వాదం – బలాబలాలు

ఎమిల్ బెన్వెనిస్త్ 1969లో ప్రకటించిన ఇండో–యూరోపియన్ సంస్థల పదజాలంపై గ్రంథంలో ఈ సమస్యను తలకిందులు చేశాడు. పశు శబ్దపు మూలార్థం జంతువు కాదని, ఒక వ్యక్తికి చెందిన చరాస్తి అని అతని సిద్ధాంతం. ధనం నుండి పశువులు, పశువుల నుండి చిన్న పశువులు, వాటి నుండి గొర్రె: ఇదే పరిణామక్రమమని, ఉన్ని ధాతువుతో సంబంధం లేదని వాదించాడు. అవెస్తాలో పశువులను, మనుషులను జంటగా చెప్పే ప్రాచీన పదబంధానికి ఇటలీలోని ఉంబ్రియన్ భాషలోనూ సాటి ఉండడాన్ని అతడు తన వాదానికి అనుకూలంగా వ్యాఖ్యానించాడు. ఇంటి యజమాని అధీనంలోని చరాస్తిలో మనుషులూ భాగమేనని అతని తాత్పర్యం.

ఈ వాదంలోని ఖండనభాగం సమర్థనీయం. సంకుచితార్థం నుండి మూలార్థాన్ని ఊహించడం తగదని అతడు చూపాడు. దానిని ఒసేతి సాక్ష్యం బలపరుస్తున్నదే గాని వ్యతిరేకించడం లేదు. స్థాపనభాగం మాత్రం అంత దృఢంగా లేదు. ప్రాణం లేని ఆస్తిని పశు శబ్దంతో చెప్పడం ఇండో–ఇరానీయ శాఖకు పరిచితమైన ప్రయోగం కాదు. అథర్వవేదపు జాబితాలో ఉన్న ఐదూ ప్రాణులే. ధనార్థం గోథిక్‌లోను, లాటిన్‌లోని సాధితరూపాలలోను ప్రబలం. పడమటి శాఖల ధనార్థాన్ని మూలానికి ఆరోపించడం, ఒసేతి గొర్రె అర్థాన్ని మూలానికి ఆరోపించడం వంటిదే అవుతుందన్న విమర్శ నుండి బెన్వెనిస్త్ పూర్తిగా తప్పించుకోలేడు. అన్ని శాఖలకూ సరిపోయే అర్థం ‘మనిషి ఆధీనంలో ఉన్న ప్రాణిసంపద’ అన్నదే. అక్కడినుండి ధనానికి వెళ్ళే దారి, ఒక జంతువుకు దిగే దారి రెండూ సుగమం.

తెలుగు సాక్ష్యం

పై చర్చలో అర్థపరిణామపు దిశ కీలకం. సామాన్యం నుండి విశేషానికి, ధనం నుండి పశువుకు అర్థం నడవడం సహజమా? తెలుగులో ఈ రెంటికీ కళ్ళెదుట ఉదాహరణలున్నాయి.

తెలంగాణ, రాయలసీమ పశుపాలకుల వాడుకలో ‘జీవాలు’ అంటే గొర్రెలు, మేకలు. జీవాలు కాయడం, జీవాలకు మందు తాగించడం అన్నప్పుడు ఆవునో బర్రెనో ఎవరూ తలచరు. వాటికి ‘పశువులు’ అన్న పేరు ఉంది. జీవ శబ్దానికి ప్రాణి అన్న అర్థం అందరికీ తెలుసు. మరి రేపు తెలుగు లిఖిత సాహిత్యమంతా నశించి, ఒక కాపరి నోటి ‘జీవాలు’ మాత్రమే మిగిలితే? అప్పటి భాషాశాస్త్రజ్ఞుడు ఆ మాటకు గొర్రె అన్న అర్థాన్ని చూచి, జీవ శబ్దం మొదట గొర్రెకే పేరని, బతకడమన్న అర్థం తరువాత వచ్చిందని వ్రాస్తే మనం నవ్వుకొంటాం. ‘ఫుస్’ విషయంలో జరిగిన తర్కం సరిగా ఇదే.

ఈ వాడుకలో మరొక విశేషం ఉంది. అవెస్తాలో చిన్న పశువులకు ‘పసు’, పెద్ద పశువులకు వేరే మాట. తెలుగులో చిన్నవాటికి ‘జీవాలు’, పెద్దవాటికి ‘పశువులు’. వ్యవస్థ ఒకటే, పశు శబ్దం మాత్రం అక్కడ చిన్నవైపు, ఇక్కడ పెద్దవైపు నిలిచింది. ‘పసులకాపరి’ అన్నప్పుడు మనకు కనిపించేది ఆవులమంద. ఒకే మాట రెండు భాషలలో ఎదురెదురు దిక్కులకు సంకోచించిందంటే, ఆ రెండు సంకోచాలలో ఏదీ మూలార్థం కాదనడానికి అంతకంటె రుజువు అక్కరలేదు.

ధనం నుండి పశువుకు నడిచిన మాట ‘సొమ్ము’. తెలుగుదేశమంతటా సొమ్ము అంటే డబ్బు, ఆస్తి, నగలు. కన్నడంలోను, తమిళంలోను దీనికి సాటియైన మాటలకు ఆస్తి అన్నదే అర్థం. ఉత్తరాంధ్ర పల్లెలలో మాత్రం ‘సొమ్ములు’ అంటే పశువులు కూడా. విస్తృతంగా వ్యాపించిన అర్థం ఆస్తి. ఒక ప్రాంతానికి పరిమితమైనది పశువు. కనుక పరిణామదిశ ఆస్తి నుండి పశువుకేనని నిశ్చయించవచ్చు. తమిళంలో ‘మాడు’ శబ్దానికి పశువు, సంపద అన్న రెండర్థాలూ ఉన్నాయి. తిరుక్కురళ్‌లో అది సంపద అన్న అర్థంలో కనిపిస్తుంది. బెన్వెనిస్త్ ఊహించిన దారి అసహజమైనది కాదని ‘సొమ్ములు’ చూపుతుంది. సాధ్యమైనదల్లా జరిగినట్లు కాదన్న జాగ్రత్తను మాత్రం వదలరాదు. ‘సొమ్ము’ విషయంలో మనకు ప్రాంతవ్యాప్తి సాక్ష్యం ఉంది. పశు శబ్దానికి ఆ స్థాయి సాక్ష్యం లేదు.

సామాన్యశబ్దం సందర్భవశాన విశేషాన్ని చెప్పడమన్నది మన శాస్త్రాలకు కొత్త కాదు. యాగవిధిలో పశువని సామాన్యంగా చెప్పినా మంత్రబలం చేత ఛాగమనే గ్రహించాలని మీమాంసకులు నిర్ణయించారు, అదే ఛాగపశున్యాయం. ఆ నిర్ణయం చేసినవారు పశు శబ్దానికి మూలార్థమే మేక అని అనలేదు. సందర్భం ఇచ్చిన అర్థాన్ని, శబ్దానికి సహజమైన అర్థాన్ని వేరుచేసి చూచారు. యాగశాలలో పశువు మేక అయింది. కాకసస్ కొండలలో గొర్రె అయింది. గోదావరి తీరంలో ఆవు, గేదె అయింది. వివేచన అదే.

ముగింపు

‘ఫుస్’ చరిత్ర నుండి మూడు నిర్ణయాలు తేలుతున్నాయి. ఈ పదం వంశపారంపర్యమైనదని, సంస్కృత పశు శబ్దానికి తోబుట్టువని ధ్వనులు నిశ్చయంగా చెబుతున్నాయి. దర్శనార్థక ధాతువుతో పశు శబ్దాన్ని ముడిపెట్టడం చారిత్రకంగా నిలవదనడానికి ఒసేతి రూపం స్వతంత్ర సాక్ష్యం. గొర్రె అన్న దాని అర్థం ఇరానీయ శాఖలో మొదలై ఒసేతిలో ముగిసిన సంకోచం. మూలార్థానికి అది సాక్ష్యం కాదు.

రూపం విషయంలో ప్రబల సాక్షి అయిన పదం అర్థం విషయంలో దుర్బల సాక్షి కావచ్చు. ఈ రెంటినీ ఒకే త్రాసులో తూచే అలవాటు తెలుగు వ్యుత్పత్తి రచనలలోనూ తక్కువేమీ కాదు. ఒక మాండలికపు విశేషార్థం దొరికితే అదే తొలి అర్థమని, దానికి సరిపడే ధాతువు దొరికితే అదే మూలమని తీర్మానిస్తున్నాం. దీనికి విరుగుడు పదాలను వాటి పదవ్యవస్థతో, ప్రాంతవ్యాప్తితో సహా సేకరించడమే. ఇరోన్ ఒక్కటే మిగిలి దిగోర్ నశించి ఉంటే ‘ఫిస్’లోని అచ్చు ప్రాచీనరూపాన్ని చూపడానికి ఆ భాషలో సాక్ష్యం ఉండేది కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సారథ్యంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటం మనకు ఆ మార్గాన్ని ఏనాడో చూపింది. గొల్లలు, కురుమలు మందల మధ్య పలికే మాటలు ‘జీవాలు’, ‘సొమ్ములు’ వంటివి ఇంకా ఎన్ని ఉన్నాయో వారి నోటనే విని నమోదు చేయవలసి ఉంది. అవి మన భాషాచరిత్రకు ఎంత ఆధారమో, పశు శబ్దం వంటి దూరపు సమస్యలకు అంత వెలుగు.